పన్నెండో స్టేజీ

ఆ ఇంట్లో తెల్లవారడమనేది సూర్యుడి పని కాదు, టైమ్‌కీపరు పని. నాలుగూ నలభైకి అతను గొంతు సవరించుకుంటాడు. నాలుగూ యాభైకి స్నానం. అయిదూ పదికి టీ. అయిదూ ఇరవై అయిదుకి సైకిలు గడప దాటుతుంది. బస్సు డిపోలో ఏ బస్సు ఎన్నింటికి కదిలిందో, ఎన్నింటికి చేరిందో రాయడం ఇరవై నాలుగేళ్లుగా అతని ఉద్యోగం. కిటికీ వెనక కూర్చుని లాగ్ షీట్ల గడులు నింపుతాడు. ఆలస్యంగా వచ్చిన డ్రైవరుని తలెత్తి కూడా చూడడు. "కారణం?" అంటాడు. టైరు పోయింది, రైలు గేటు పడింది, వాన కొట్టింది, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పింది రాస్తాడు. ఎవరి కోసమూ బస్సుని అర నిమిషం ఆపింది లేదు. సొంత మావగారు పెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తున్నా విజిలు ఊదేశాడని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయిదూ పదికి టీ ఇచ్చేది చెల్లెలు. పద్దెనిమిదేళ్ల కిందట అతని భార్య పోయినప్పుడు, రెండేళ్ల పిల్లని చూసుకోడానికి "పది రోజులుండి వెళ్తా" అని ఒక చేతిసంచితో వచ్చింది. అప్పుడామెకి ఇరవై. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు. పిల్ల పెరిగి కాలేజీ చివరి ఏటికి వచ్చింది. ఎన్నాళ్లుంటావని గానీ, ఎప్పుడు వెళ్తావని గానీ చెల్లెల్ని అడిగినవాడు లేడు. ఇంట్లో గోడని ఎవరడుగుతారు?

వంటింటి పక్క వసారాలో ఆమె చిరిగిన పుస్తకాలు బాగుచేస్తుంది. ఊరి లైబ్రరీ వాళ్లు గోనెసంచిలో వేసి పంపిస్తారు. పాత జిగురు గోకి, పేజీలు విడదీసి, మైనం రాసిన దారంతో మళ్లీ కుట్టి, వెన్నుకి గుడ్డ అంటించి, రెండు చెక్కల మధ్య బిగించి పెడుతుంది. చిరుగు ఎక్కడుండేదో చింపినవాడు కూడా పట్టుకోలేడు. ఒకసారి రాజధానిలోని పాత గ్రంథాలయం వాళ్లు ఈ ఊరికి అరువిచ్చిన పుస్తకం ఒకటి కప్పు కారి తడిసి ముద్దయిపోయింది. దాన్ని చెల్లెలు పేజీ పేజీ ఆరబెట్టి, కుట్టి పంపింది. ఇది కుట్టిన చెయ్యి ఎవరిదని వాళ్లు అడిగారు. నెల తిరిగేసరికి ఉత్తరం రాశారు. మరమ్మతుల విభాగంలో ఒక చోటు ఖాళీ ఉంది, ఉండడానికి గది ఇస్తాం, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా వచ్చి చేరాలి, సమ్మతి ముందుగా తెలిపి, మా జవాబు చూసుకుని బయల్దేరాలి.

చెల్లెలు ఆ రాత్రి నిద్ర పోయిందో లేదో తెలీదు గానీ పొద్దున్నే టీతోపాటు, సమ్మతి రాసిన కవరు తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"పోస్టులో వేస్తే నాలుగు రోజులు పడుతుంది అన్నయ్యా. మీ రాజధాని బస్సు డ్రైవరుకిస్తే సాయంత్రానికల్లా చేరిపోతుంది కదా?"

"ఊఁ," అన్నాడు టైమ్‌కీపరు.

అది రెండో తేదీ. ఇరవై నాలుగేళ్ల నిక్కచ్చి మనిషి ఆ రోజు ఒక తప్పు చేశాడు. రాజధాని బస్సు ఆరూ అయిదుకి కిటికీ ముందుకి వచ్చింది. డ్రైవరు చెయ్యి చాపి లాగ్ షీటు తీసుకున్నాడు. కవరు మాత్రం టైమ్‌కీపరు జేబులోనే ఉండిపోయింది. తర్వాత బల్ల సొరుగులోకి, ఖాళీ షీట్ల అడుక్కి వెళ్లింది. రేపు పంపుదాంలే అనుకున్నాడు. రేపు కూడా రేపే అయింది. చింపలేదు, పారెయ్యలేదు, ఆపాడంతే. ఆపడం దొంగతనం ఎలా అవుతుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. బస్సుని ఆపితే తప్పనేవాడు, మనిషిని ఆపితే తప్పు కాదనుకున్నాడు.

ఆరో తేదీన చెల్లెలు అడిగింది. "వాళ్ల దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?"

"పెద్ద ఆఫీసులు. తాపీగా రాస్తారు."

ఎనిమిదో తేదీన ఆమే తేల్చేసింది. చాకుతో ఒక అట్ట మీది జిగురు గోకుతూ, "వాళ్లకి ఇంకెవరో దొరికుంటార్లే," అంది. గోకడం మాత్రం కొంచెం గట్టిగా గోకింది.

టైమ్‌కీపరుకి ఒక క్షణం ప్రాణం హాయిగా అనిపించింది. మరుక్షణం ఆ గోకుడు చప్పుడు భరించలేకపోయాడు. తప్పు చేసినవాడికి ఉన్నట్టుండి దానగుణం పుట్టుకొస్తుంది. అతనికీ పుట్టింది.

"నీకు రాజధాని చూపిస్తాను," అన్నాడు. "ఇరవై నాలుగో తేదీ, ఆదివారం. ముందు రాత్రి బస్సెక్కి ముగ్గురం వెళ్దాం. ఒక్క రోజులో మొత్తం చూసి వచ్చేద్దాం. ఇంక చూడాల్సింది ఏమీ మిగలకూడదు."

ఇరవై దాటాక ఇరవై నాలుగు ఎందుకు పెట్టాడో అతనికి తెలుసు, పైవాడికి తెలుసు.

ఆ సాయంత్రమే చార్టు వేశాడు. డిపోలో కొత్త రూటుకి వేసినట్టే గళ్ల కాగితం పరిచి, స్కేలు పెట్టి, రెండు రంగుల సిరాతో వేశాడు. గైడు పుస్తకం, మ్యాపు ముందు పెట్టుకున్నాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాలో తెలిసిన డ్రైవర్లని అడిగి ముందే రాసుకున్నాడు. చార్టు పూర్తయ్యాక కూతురు లాక్కుని పైకి చదివింది.

"ఒకటో స్టేజీ గడియారపు స్తంభం, చేరిక ఆరూ నలభై, కదలిక ఆరూ నలభై. రెండోది పాత వంతెన, చేరిక ఆరూ యాభై రెండు, కదలిక ఆరూ యాభై రెండు. మూడోది గుర్రం మీద సేనాపతి..." చదవడం ఆపింది. "నాన్నా, మరి చూసేదెప్పుడు?"

"అదేమిటి? అన్నీ ఉన్నాయిగా. సాయంత్రం ఏడింటికల్లా బస్టాండులో ఉంటాం."

"చేరేదీ కదిలేదీ ఒకటే టైము రాశావు."

"స్టేజీ దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందే? ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు. దానికి ప్రత్యేకంగా టైము రాయరు. చార్టు పద్ధతే అంత."

చెల్లెలు చాన్నాళ్లకి నవ్వింది. "మనం దిగుతామా అన్నయ్యా, లేకపోతే కిటికీలోంచే దండం పెట్టి పోతామా?"

"అత్తా, నువ్వు ఎడమ పక్కవి చూడు, నేను కుడి పక్కవి చూస్తా. ఇంటికొచ్చాక ఒకరికొకరం చెప్పుకుందాం," అంది కూతురు.

టైమ్‌కీపరు చార్టు వెనక్కి లాక్కున్నాడు. కానీ ఆలోగానే చెల్లెలి చూపు చివరి వరస మీద పడనే పడింది. పన్నెండో స్టేజీ, పాత గ్రంథాలయం. దాని ఎదురుగా, "ఆగదు." బస్టాండుకి తిరిగొచ్చే దారి దాని ముందు నుంచే పోతుంది. దారిలో ఉన్న స్టేజీని రాయకపోతే అది అబద్ధపు చార్టు. అలాంటి చార్టు వెయ్యడానికి అతని చెయ్యి రాలేదు. ఉత్తరం దాచడానికి వచ్చిన చెయ్యే, ఈ అబద్ధానికి రాలేదు. మనిషి నిజాయితీ ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ బోలుగా ఉంటుందో తట్టి చూస్తే గానీ తెలీదు.

చెల్లెలు నవ్వు ఆపేసి గుడ్డముక్కలు మడత పెట్టుకుంది.

మర్నాడు తొమ్మిదో తేదీ. అయిదింటికి పాలు తీసుకోవడానికి తలుపు తీసిన కూతురు వెనక్కి తిరిగి కేకేసింది. "నాన్నా, గడియారపు స్తంభం వచ్చింది. నీకోసమే అనుకుంటా."

వీధి కొళాయి పక్కన, ఇటు ఇంటి గోడకీ అటు కరెంటు స్తంభానికీ మధ్య ఇరుక్కుని, రాజధాని గడియారపు స్తంభం నిలబడి ఉంది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు దాని చుట్టూ తిరిగి కొళాయి దగ్గరికి పోతున్నారు. పైవాటాలో ఉండే పొడుగు కండక్టరు డ్యూటీకి దిగుతూ తలెత్తి చూసి, తన వాచీ చూసుకున్నాడు.

"నాలుగు నిమిషాలు స్లో ఉంది సార్. దీన్ని నమ్ముకుంటే ఆ ఊళ్లో ఎవరూ బస్సు అందుకోలేరు."

టైమ్‌కీపరుకి సంగతి అర్థమైంది. డిపోలో ఇలాంటివి ఎన్ని చూడలేదు? మా ఊరి దగ్గర బస్సు ఆపలేదండీ అని జనం కిటికీ ముందుకి వచ్చి నిలబడతారు. సమాధానం చెప్పేదాకా కదలరు. అతను లోపలికెళ్లి చార్టు తెచ్చి, స్తంభం ఎదురుగా గోడకి ఆనించి, మొదటి వరసలో "ఆగు సమయం 15 ని." అని రాశాడు. టీ తాగి వచ్చేసరికి స్తంభం వెళ్లిపోయింది.

పదో తేదీన వంతెన వచ్చింది. వీధి మురిక్కాలవ మీద అడ్డంగా పడుకుంది. వీధిలో పిల్లలు ఆ పూట దాని మీంచే దాటారు. ఇరవై నిమిషాలిస్తే గానీ లేవలేదు. పదకొండున సేనాపతి గుర్రం ఎక్కి వచ్చి, కూరల బండి పక్కన కత్తి ఎత్తి నిలబడ్డాడు. "బేరం చెయ్యడానికి వచ్చాడేమో," అంది కూతురు. అద్దాల మహలు వచ్చిన పూట వీధిలో ఆడపిల్లలందరూ దాని ముందే తల దువ్వుకున్నారు. కోట వచ్చిన రోజు మాత్రం గొడవైంది. వీధిలో పట్టింది ఒక్క గోడే. మిగతాదంతా పెద్ద రోడ్డు మీద ఆగిపోవడంతో ఏడు బస్సులు నిలిచిపోయాయి. డిపోలో టైమ్‌కీపరే ఏడు షీట్లలోనూ "కారణం: కోట" అని రాసుకోవాల్సి వచ్చింది. మేనేజరు చదివి సంతకం పెట్టాడు.

రాణీగారి తోట వచ్చినప్పుడు చెల్లెలు కొత్తగా రంగు వేసిన బైండు గుడ్డలు తీసుకెళ్లి అక్కడి బెంచీల మీద ఆరేసింది. ఫౌంటెను పక్కన కాసేపు కూర్చుంది. టైమ్‌కీపరు కిటికీలోంచి చూశాడు. ఆమె ఏమీ చెయ్యడం లేదు, ఊరికే కూర్చుంది. ఆమె అలా ఊరికే కూర్చోగా ఎప్పుడు చూశాడా అని వెనక్కి ఆలోచించుకుంటూ పోయాడు. ఎంత దూరం పోయినా తగల్లేదు. ఆ తోటకి గంట రాసేశాడు.

ఒక్కొక్క దానికీ నిమిషాలు రాస్తున్న కొద్దీ అతనికి కాలు నిలవడం మానేసింది. రోజుకొకటి, వరస తప్పకుండా వస్తున్నాయి. తొమ్మిదో తేదీన ఒకటోది. పదిన రెండోది. అలా అయితే పన్నెండోది ఎప్పుడు? చిన్నపిల్లలు కూడా చేసే లెక్క. ఇరవయ్యో తేదీన. పొద్దున్న టీ తాగుతూ ఆ లెక్క వేసేవాడు, సైకిలు తొక్కుతూ వేసేవాడు, కిటికీ వెనక కూర్చుని మళ్లీ వేసేవాడు. ఎన్నిసార్లు వేసినా ఇరవయ్యే వచ్చేది. ఒకరోజు వెళ్లే బస్సుని వచ్చినట్టు రాశాడు. ఇంకోరోజు రేపటి తేదీ వేశాడు. డ్రైవర్లు మొహాలు చూసుకున్నారు. ఖాళీ షీట్లు తియ్యాల్సి వస్తే సొరుగు తెరవకుండా పక్కబల్ల వాణ్ణి అడిగేవాడు.

ఇంట్లో కూడా కుదురు లేదు. కంచం ముందు కూర్చుని లేచేవాడు. లేచి మళ్లీ కూర్చునేవాడు.

"నాన్నా, నీ కింద కుర్చీ ఉందా, పెనం ఉందా?" అంది కూతురు.

"చార్టు కుదరడం లేదు. టైము చాలడం లేదు."

"రెండు మూడు తీసెయ్యి అన్నయ్యా," అంది చెల్లెలు. "అన్నీ చూడాలని నేనడగలేదుగా."

ఏం అడిగిందో ఆమె చెప్పకుండా చెప్పినట్టు అనిపించి, అతను నీళ్లు తాగి లేచిపోయాడు. చార్టుని నాలుగుసార్లు తిరగరాశాడు. వంతెనలో అయిదు నిమిషాలు కోశాడు, కోటలో పది నిమిషాలు కోశాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే ఊరుకోవడానికి వంతెన చెల్లెలు కాదు. మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చి కాలవ మీద పడుకుంది. ఆ అయిదూ తిరిగి రాయించుకుంది.

పంతొమ్మిదో తేదీన నది ఒడ్డు మెట్లు వచ్చి, గడప ముందు నీళ్లు చిమ్మి, అరగంట రాయించుకుని పోయాయి. అదే పదకొండోది. ఆ సాయంత్రం టైమ్‌కీపరు కాగితం ముందు చాలాసేపు కూర్చుని, అక్కడ రెండు, ఇక్కడ మూడు చొప్పున నడక టైములో గీకి, ఇరవై నిమిషాలు మిగిల్చాడు. పన్నెండో వరసలో "ఆగదు" కొట్టేసి "20 ని." అని రాశాడు. అడక్కముందే ఇచ్చేస్తే రాకుండా ఉంటుందని అతని ఆశ. తలుపు తట్టకముందే చిల్లర విసిరేసి గడియ పెట్టుకునేవాళ్లు ఉంటారే, అలాంటి ఆశ అది.

వచ్చింది.

ఇరవయ్యో తేదీ పొద్దున్న అయిదింటికి తలుపు తీస్తే ఎదురుగా మెట్లు. మెట్ల పైన బూడిదరంగు రాతి స్తంభాలు, వాటి వెనక ఎత్తైన చెక్క తలుపు. పాత గ్రంథాలయం వీధి మొత్తం నిండిపోయి, రెండు పక్కలా ఇళ్ల చూరులకి భుజాలు ఆనించుకుని నిలబడింది. పాత కాగితం వాసన వంటింటి దాకా వచ్చింది. దాని కిటికీల వెనక అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. తల వంచుకుని చదువుకుంటున్న మనుషులు కనిపిస్తున్నారు.

టైమ్‌కీపరు చార్టు ఎత్తి చూపించాడు. "ఇరవై నిమిషాలు. రాశాను, చూడండి."

గ్రంథాలయం కదల్లేదు.

సేనాపతిని కొట్టేసి నలభై చేశాడు. కదల్లేదు. కోటని కొట్టేశాడు. మహలు కొట్టేశాడు. తోట దగ్గర చెయ్యి ఆగింది గానీ చివరికి దాన్నీ కొట్టేశాడు. పదకొండు వరసలూ గీతల కిందికి పోయాయి. పన్నెండోదాని ఎదురుగా పొద్దున్న ఆరూ నలభై నుంచి సాయంత్రం ఏడు దాకా, రోజంతా రాశాడు.

కదల్లేదు.

పైవాటా కండక్టరు మెట్లు దిగబోయి ఆగిపోయాడు. "సార్, నాకు ఆరింటికి డ్యూటీ. దిగుదామంటే తిన్నగా లోపలికే పోతున్నాను. అక్కడెవరో చెప్పులు విప్పి మెల్లగా నడవమంటున్నారు. దీనికేదో ఇవ్వాల్సింది ఇచ్చి పంపించరాదూ?"

ఇవ్వాల్సింది. ఆ మాట అన్నవాడికి ఏమీ తెలీదు. విన్నవాడికి అంతా తెలుసు.

వసారాలో చెల్లెలు తన పని తను చేసుకుంటోంది. ఎదురుగా అంత పెద్ద భవనం ఉన్నా తలెత్తి చూడలేదు. తనని వద్దన్న ఇంటి వైపు చూడ్డానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు. కొస తడి చేసుకుని మళ్లీ ఎక్కించబోయింది. ఇరవై ఏళ్లుగా చీకట్లో కూడా ఎక్కించే చెయ్యి అది.

టైమ్‌కీపరు ఆ చేతినే చూశాడు. తర్వాత సైకిలు తీశాడు. గ్రంథాలయం ఎడమ పక్క మనిషి పట్టేంత సందు ఇచ్చింది.

ఆ రోజు డిపోలో అతని డ్యూటీ మొదలు కావలసింది అయిదున్నరకి. ఆ టైముకి అతను సొరుగు లాగి, ఖాళీ షీట్లన్నీ నేల మీద పడేసి, కవరు తీసుకుని, కుర్చీలో కూర్చోకుండానే వెనక్కి తిరిగాడు. "ఏమైంది సార్, ఎక్కడికి?" అని పక్కబల్ల వాడు అరుస్తున్నా ఆగలేదు. ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. తిన్నగా వసారాలోకి వెళ్లి చెల్లెలి ముందు కవరు పెట్టాడు.

ఆమె తన రాతే తను చూసుకుంది. కవరు ఎత్తి చూసింది, తిప్పి చూసింది. అంటించిన చోటు అంటించినట్టే ఉంది.

"ఇది..."

"పంపలేదు," అన్నాడు. "డిపోలో సొరుగులో ఉంది. రెండో తేదీ నుంచీ."

"మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది. ఆమె గొంతులో ఆ దారి తెరిచే ఉంది. మర్చిపోయిన అన్నకి శిక్ష ఏముంటుంది? అతను ఆ దారి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"లేదు. నువ్వు వెళ్తే ఇల్లు ఎలా అని ఆపాను."

కూతురు పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. చెల్లెలు సూదిని చేతిలోని గుడ్డకి గుచ్చింది.

"వాళ్లకి నేను పనికిరాలేదనుకున్నాను," అంది. "పద్దెనిమిది రోజులు. కుట్టిన ప్రతి కుట్టూ విప్పి చూసుకున్నాను, ఎక్కడ తప్పు చేశానా అని. చిరిగిన పేజీ అయితే అతికిస్తాను అన్నయ్యా. నువ్వే చింపి జేబులో పెట్టుకుంటే నేనేం కుట్టను?"

అతను కవరుని ఆమె దగ్గరికి ఇంకాస్త జరిపాడు.

ఆమె దాన్ని తిరిగి అతని వైపే నెట్టింది. "నాకెందుకిస్తావు? ఇది నాది కాదు. వాళ్లది. రెండో తేదీన నీకు చెప్పిన పని ఇంకా అలాగే ఉంది."

టైమ్‌కీపరు కవరు తీసుకుని మెట్లెక్కాడు. పైనుంచి పాఠకులెవరో కిటికీలోంచి తొంగి చూసి మళ్లీ తల వంచుకున్నారు. తలుపు తట్టాడు. కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ ఒకామె తీసింది. చంకలో పెద్ద రిజిస్టరు ఉంది.

"ఎవరండీ?"

"బస్సు డిపో టైమ్‌కీపర్నండి. ఉత్తరం తెచ్చాను."

ఆమె కళ్లజోడు పెట్టుకుని, కవరు చింపి, నించునే చదివింది. "రెండో తేదీ వేసి ఉంది."

"రెండో తేదీనే ఇచ్చిందండి."

"ఇవాళ ఇరవై. ఆలస్యానికి కారణం?"

ఆ మాట ఇరవై నాలుగేళ్లుగా అతను ఎన్ని వేల మందిని అడిగాడో! అడగడమే గానీ దానికి జవాబు చెప్పడం అతనికి తెలీదు. టైరు పోలేదు. గేటు పడలేదు. వాన కూడా లేదు.

"నేనేనండి," అన్నాడు. "నేను ఆమెకి అన్నని."

పెద్దావిడ రిజిస్టరు తెరిచి, కారణం అన్న గడిలో "అన్న" అని రాసింది. ఆ గడిలో పై వరసల్లో కూడా అవే మాటలు కనిపించాయి. భర్త. తండ్రి. అత్తగారు. భర్త. అన్న. అతను కళ్లు దించుకున్నాడు.

"ఆవిణ్ణి రమ్మనండి. ఇవాళే ఆఖరు. త్వరగా, లోపల చదువుకునేవాళ్లు ఉన్నారు."

సర్దుకోవడానికి చెల్లెలికి ఎక్కువసేపు పట్టలేదు. సూదులు, చాకు, మైనం ముద్ద, గుడ్డలో చుట్టిన రెండు నొక్కుచెక్కలు, కొన్ని బట్టలు. కూతురు ఆమె వెనకాలే తిరుగుతూ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ తుడుచుకుంది.

"నువ్వు వెళ్లు అత్తా. నాన్నకి వంట నేను నేర్పిస్తాను."

"నీకు వచ్చా?"

"రాదు. మాడిందేదో, మాడ్చిందెవరో తెలీకుండా ఇద్దరం నేర్చుకుంటాం."

"పొయ్యి ఆపడం మర్చిపోకే. జిగురు గిన్నెలో పాలు మాత్రం కాచకు."

గడప దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. ఆమె చేతిసంచి అందుకుందామని చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"కోపం పోయాక ఉత్తరం రాస్తాను," అంది.

"ఎప్పుడు పోతుంది?"

"అది నీ చార్టులో పట్టదు."

మెట్లెక్కింది. మొదటి మెట్టు తడుముకున్నట్టు ఎక్కింది, తర్వాతివి మామూలుగా ఎక్కింది, చివరివి రెండేసి చొప్పున ఎక్కింది. తలుపు దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. పెద్దావిడ ఆమె వేళ్లు ఇటూ అటూ తిప్పి చూసి, జిగురు మరకలు చూసి, తల ఊపి పక్కకి జరిగింది. చెల్లెలు లోపలికి వెళ్లింది. కాసేపటికి రెండో అంతస్తులో, చీకటిగా ఉన్న ఒక కిటికీ వెనక దీపం వెలిగింది.

గ్రంథాలయం మెట్లు లోపలికి ముడుచుకుంది. చూరులకి తగలకుండా కొంచెం వెనక్కి వంగి, మెల్లగా వీధి మలుపు వైపు సాగింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకి లాక్కున్నారు. కండక్టరు మెట్లు దిగి, దాని వెనకాలే డ్యూటీకి పరుగు పెట్టాడు. వీధిలోకి మళ్లీ ఎండ పడింది.

టైమ్‌కీపరు మలుపు దాకా చూస్తూనే ఉన్నాడు. అది కనుమరుగయ్యాక కూడా నిలబడే ఉన్నాడు. లోపల పొయ్యి మీద ఏదో పొంగి చుయ్యిమంది.

"ఎన్నింటికి కదిలింది నాన్నా?" అంది కూతురు.

అతని చేతికి వాచీ ఉంది.

"చూడలేదమ్మా," అన్నాడు. పొయ్యి ఆపడానికి లోపలికి నడిచాడు.